నెంబరు లేని కోటు

"ఆ నాలుగో మనిషి ఎవరండీ?"

ఇస్త్రీ బల్ల దగ్గర ఆయన తలెత్తలేదు. ఎవరిదో స్కూలు కోటు కాలరు పట్టుకుని ఆవిరిపెట్టె కింద అదుముతున్నాడు. జవాబుకి బదులు పెట్టె బుస్సుమంది.

"అడిగింది మిమ్మల్ని. పెట్టెని కాదు."

"చెప్పాను కదే. హోటలువాళ్ళ పొరపాటు. ముగ్గురికి బదులు నలుగురని రాసుకున్నారు."

"నిన్న కంప్యూటరు తప్పన్నారు. ఇవాళ మనిషి రాసుకున్నాడా?"

"కంప్యూటర్లో మనిషే కదా రాసేది."

"బాగానే ఆలోచించుకున్నారు."

నిన్న సాయంత్రం లాండ్రీ షాపు ఫోను మోగినప్పుడు ఆయన వెనకగదిలో మెషీను దగ్గర ఉండటం ఆయన దురదృష్టం. ఆవిడ ఎత్తింది. "నలుగురికి రెండు గదులండీ, శుక్రవారం నుంచి ఆదివారం దాకా, పుట్టినరోజు కేకు గదికే పంపమన్నారు, ఖాయమేనా?" అని అవతల ఓ కుర్రగొంతు గడగడా అప్పచెప్పింది. ఏ ఊరు, ఏ హోటలు, ఎవరు చెప్పారు అని ఆవిడ కూపీ లాగుతుండగానే ఆయన తడిచేతులతో పరుగెత్తుకొచ్చి ఫోను లాక్కున్నాడు. ఆ తర్వాత కాసేపు నీళ్ళు నమిలి చివరికి కూతురి సంగతి చెప్పాడు. బుల్లికి ముప్పై ఏళ్ళు నిండుతున్నాయి, నగరానికి తీసుకెళ్ళి తిప్పుదామనుకున్నాను, ముందే తెలిస్తే సరదా ఉండదని నీకూ చెప్పలేదు దానికీ చెప్పలేదు, అని.

వినడానికి బాగానే ఉంది. ఇంకో ఇంట్లో అయితే పెళ్ళాం మురిసిపోయేది. కానీ ఈయన సంగతి వేరు. జ్వరమొచ్చినా షట్టరు సగానికి లేపి కూర్చునే మనిషి. పెళ్ళయిన కొత్తలో ఎక్కడికైనా వెళ్దామని ఆవిడ ముచ్చటపడితే, బస్టాండు దాకా తీసుకెళ్ళి, బస్సులు చూపించి, వెనక్కి తీసుకొచ్చిన ఘనుడు. అలాంటి మనిషికి ఇప్పుడు ఉన్నట్టుండి నగరం, హోటలు, గదికి కేకు. నిన్నటి నుంచీ ఆవిడకి ముద్ద దిగడం లేదు.

"అది సరే గానీ," ఆయన కోటు తిరగేస్తూ అన్నాడు, "గెస్ట్‌హౌసు పరదాలు శనివారానికి కావాలన్నారు. షాపు మూసేస్తే ఎలాగా అని చూస్తున్నా."

"చూసి?"

"అంటే... ఒకళ్ళు ఉంటే బాగుంటుందేమో."

"ఒకళ్ళంటే?"

ఆయన మళ్ళీ పెట్టె నొక్కాడు. ఆవిరి ఇద్దరి మధ్యా లేచింది.

"నిన్న ముగ్గురికే గదులన్నారు. తెల్లారేసరికి ఒకళ్ళు ఉండాలంటున్నారు. ఆ ఒకళ్ళు మీరు కాదు, పుట్టినరోజు పిల్ల కాదు. ఇక మిగిలింది నేను. నేనిక్కడ పరదాలు ఉతుక్కుంటూ కూర్చుంటే అక్కడ నా వాటా కేకు తినేది ఎవరు?"

"ఛ, అవేం మాటలే."

"మాటలకేం. పెళ్ళికి ముందు మీరు ఆ ఊళ్ళోనే కదా పనిచేసింది. అప్పటి స్నేహాలు ఏవైనా మిగిలిపోయాయా?"

"అప్పట్లో నాకు సబ్బు తప్ప వేరే స్నేహాలేవీ లేవు," అని ఆయన నవ్వించబోయాడు.

ఆవిడ నవ్వలేదు. మడతపెట్టిన పరదాల గుట్ట చంకన పెట్టుకుంది. "పరదాలు గురువారానికే ఇచ్చేస్తా. నేనూ వస్తున్నా. ఇంకేం వంక వెతుక్కుంటారో మధ్యాహ్నం లోపు వెతుక్కోండి."

పాపం, ఆయన నిజంగానే వెతుక్కుంటున్నాడు. కోటు చెయ్యి ఒకటి ఇస్త్రీ చేయకుండానే హ్యాంగరుకి తగిలించేశాడు. అంత పరధ్యానం ఆవిడ ఆయనలో ఎన్నడూ చూడలేదు.

* * *

బుల్లి అంటే చంటిపిల్ల అనుకునేరు. ముప్పై ఏళ్ళు నిండబోతున్నా ఇంట్లో పేరు మారలేదంతే. ఊరి ఈతకొలనులో పిల్లలకి ఈత నేర్పుతుంది. గట్టు మీద నిలబడి ఆ పిల్ల ఈల ఊదితే తల్లులు కూడా నిటారుగా కూర్చుంటారని పేరు. షాపు పైనే ఇల్లు కాబట్టి మధ్యాహ్నం భోజనానికి వస్తుంది. ముందు మెట్ల మీద కొలను నీళ్ళలో కలిపే మందు వాసన, దాని వెనక తడిజుట్టు ముడేసుకున్న బుల్లి.

ఆవిడ పొద్దుటి నుంచీ ఒక్క ప్రశ్న సానపెట్టుకుని సిద్ధంగా ఉంది. అది అడిగేటప్పుడు గొంతు ఎంత మామూలుగా పెట్టాలో కూడా అనుకుంది.

"శుక్రవారం క్లాసులు ఎప్పటిదాకా ఉంటాయే?"

"శుక్రవారం లేవమ్మా. సెలవు పెట్టా."

అనేశాక బుల్లికి తెలిసింది. తండ్రి వంక చూసింది. తండ్రి కంచం వంక చూశాడు. కంచం ఎవరి వంకా చూడలేదు గానీ, చూడగలిగితే అదీ తల దించుకునేదే.

"ఎందుకూ సెలవు?"

"ఊరికే. మిగిలిపోయాయి, వాడేద్దామని."

"శనివారం?"

"శనివారం కూడా."

"మంచిపని చేశావు," అని ఆవిడ కూర వడ్డించింది.

 ఆయన నీళ్ళు తాగాడు. కాసేపటికి మళ్ళీ తాగాడు. బుల్లి ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మర్చిపోయి కిటికీలోంచి ఎదురింటి గోడ చూస్తోంది. ఆవిడ మటుకు అందరికంటే శుభ్రంగా తిన్నది. ఈ ఇంట్లో తనకి తెలియని పని ఏదో జరుగుతోందని నిన్న అనుమానం. ఇప్పుడది రూఢి అయింది. అనుమానం కంటే అదే నయమనిపించింది.

"మీ నాన్న నిన్ను నగరానికి తీసుకెళ్తున్నారు," అంది కంచం పక్కకి జరిపి. "నిన్ను ఆశ్చర్యపరుద్దామని దాచారట. నేను నోరు జారాను. ఏదీ, ఆశ్చర్యపడు."

"అమ్మా."

"పడటం లేదేం?"

"ఇప్పుడు ఇదంతా ఎందుకే," అన్నాడాయన.

"ఎందుకంటారేంటి, ప్రయాణం అన్నాక అన్నీ అనుకోవద్దూ? దానికి చిన్నప్పటినుంచీ ఆ చేపల మ్యూజియం చూడాలని. గాజు సొరంగంలో నడుస్తుంటే నెత్తిమీద సొరచేపలు తిరుగుతాయట. మొదటిరోజు అది. రెండోరోజు నదిలో పడవ. పడవ నాకు పడదు. నేను గట్టున కూర్చుంటా, మీరు తిరిగిరండి. రాత్రికి మంచి చోట భోజనం. టేబులు ముందే చెప్పి ఉంచాలి. ఎంతమందికని చెప్పను బుల్లీ, ముగ్గురికా నలుగురికా?"

బుల్లి చెయ్యి కడుక్కుని వచ్చి కుర్చీ వెనక నిలబడింది. గట్టు మీద నిలబడినట్టే నిలబడింది.

"నీకేం కావాలమ్మా?"

"నిజం కావాలి."

"నువ్వు అడిగేది నిజం కోసం కాదు. అవతలివాళ్ళు దొరికిపోవాలని."

"నేనెప్పుడు ఎవర్ని పట్టుకున్నానే?"

"జడ క్లిప్పు," అంది బుల్లి.

అంతే అంది. ఆయన లేచి గబగబా కంచాలు తీయడం మొదలుపెట్టాడు. 

ఆ క్లిప్పు సంగతి ఈ ఇంట్లో ఎవరూ ఎత్తరు. మూడేళ్ళ కిందట బుల్లి ఒకతన్ని ఇంటికి తీసుకొచ్చింది. బ్యాంకులో చేస్తాడు, నెమ్మదస్తుడు. టీ తాగుతూ కోటు మీద ఒలకబోసుకున్నాడు. "ఇటివ్వు బాబూ, క్షణంలో మరక తీసేస్తా," అని ఆవిడ కోటు కిందికి పట్టుకెళ్ళింది. ఉతికే ముందు జేబులు ఖాళీ చేయడం వాళ్ళ పని. దొరికినవి కవర్లో వేసి బట్టతోపాటు తిరిగి ఇచ్చేయాలి, అదేమిటి ఇదేమిటి అని అడగకూడదు. షాపు తెరిచిన రోజు ఆయన పెట్టిన కట్టుబాటది. ఆవిడ అన్నేళ్ళూ దాన్ని పాటించింది. ఆ రోజు మాత్రం జేబులో దొరికిన చిన్నపిల్ల జడ క్లిప్పుని అరచేతిలో పెట్టుకుని మెట్లెక్కి వచ్చి, అందరి ముందూ, "ఇది ఎవరిది బాబూ?" అని అడిగింది. అక్క కూతురిదని అతను చెప్పాడు. నిజమే చెప్పాడు. అక్క ఎక్కడుంటుంది, ఆ పిల్లకి ఎన్నేళ్ళు, ఫొటో ఉందా అని ఆవిడ అక్కడితో ఆగలేదు. ఆ వెళ్ళినవాడు మళ్ళీ ఆ మెట్లెక్కలేదు.

బుల్లి అప్పుడు ఏడవలేదు, అరవలేదు. ఆ మర్నాటి నుంచి తన బట్టలు ఉతకడానికి వేసేటప్పుడు జేబులన్నీ బయటికి లాగి, తిరగేసి వేస్తోంది. పని తేలిక చేస్తోంది, బంగారుతల్లి, అనుకుంది ఆవిడ ఇన్నాళ్ళూ. అలా అనుకోవడమే తనకి సుఖంగా ఉండేదేమో.

"అది ఎప్పటి సంగతో," అంది చివరికి.

"నాకు క్లాసుంది," అని బుల్లి వెళ్ళిపోయింది. మెట్ల మీద చెప్పుల చప్పుడు ఆగేదాకా ఆవిడ అలాగే కూర్చుంది.

* * *

భోజనాలయ్యాక ఆయన ఉతికిన దుప్పట్లు ఇవ్వడానికి గెస్ట్‌హౌసుకి వెళ్ళాడు. ఆవిడ వెంటనే హోటలుకి ఫోను కలిపింది. కుర్రగొంతే ఎత్తింది.

"మా గదుల సంగతి నాయనా. నలుగురమన్నారు చూడండి, మంచాలు ఎలా వేస్తున్నారో కనుక్కుందామని."

"మీ వారు చెప్పినట్టేనండీ. ఒక గదిలో ఇద్దరు ఆడవాళ్ళు, ఇంకో గదిలో ఇద్దరు మగవాళ్ళు. ఆడవాళ్ళ గదికి నదివైపు కిటికీ ఉండాలన్నారు, అలాగే ఇచ్చాం."

ఆవిడ ఫోను పెట్టేసి స్టూలు మీద కూర్చుంది. గుండె మీది నుంచి ఓ బండ దిగినట్టయింది. ఇద్దరు ఆడవాళ్ళంటే తనూ బుల్లీ. ఇద్దరు మగవాళ్ళంటే ఈయనా, ఇంకెవరో మగమనిషీ. అయితే ఈయన పాత స్నేహాలేవో కాదు. ముప్పై ఏళ్ళకి పైగా కాపురం చేసిన మొగుడి మీద పొద్దుట తను ఏమేం అనేసిందో గుర్తొచ్చి, ఎవరూ చూడకపోయినా మొహం తిప్పుకుంది.

దిగిన బండ వెంటనే ఇంకోచోట పడింది. ఆ మగమనిషి ఎవరు? బుల్లికీ ఈయనకీ తెలిసి, తనకి తెలియకుండా, ఈయన గదిలో పడుకోబోయే మగవాడు.

మనలో మనమాట, ఇంకొకరైతే ఆ సాయంత్రం దాకా ఓపిక పట్టి అడిగేవారు. ఆవిడ లేచి షాపంతా గాలించింది.

వెతకగా వెతకగా వెనకగదిలో, చివరి రాటకి, ఇంటి బట్టలు వేలాడేసే చోట దొరికింది. బూడిదరంగు కోటు, మగవాళ్ళది. కొత్తది కాదు. ఎవరో పెద్దాయనది అయ్యుంటుంది, భుజాల దగ్గర విప్పి వెడల్పు చేశారు. శుభ్రంగా ఉతికి, ఇస్త్రీ చేసి ఉంది. కాలరు తిరిగిన తీరు చూస్తేనే తెలుస్తోంది, అది ఈయన చేతిపని. ఈయనకి పట్టదు. ఇద్దరు ఈయనలు పడతారు.

కాలరు వెనక నెంబరు చీటీ కోసం చూసింది. లేదు. చేతి కింద చూసింది. లేదు. లోపలి అంచు పొడుగునా వేళ్ళతో తడిమింది.

ఆ షాపులోకి వచ్చిన ప్రతి గుడ్డకీ నెంబరు చీటీ కడతారు. ఎవరిదైనా సరే. పెళ్ళయిన కొత్తలో ఆవిడ తమ్ముడు వచ్చి చొక్కా ఉతకమంటే దానికీ నెంబరు కట్టాడు ఈయన. "సొంత బావమరిది చొక్కాకి నెంబరేమిటండీ," అని ఆవిడ అలిగితే, "ఇంట్లోవాళ్ళ బట్టలకే నెంబరుండదు, మీ తమ్ముడు మీ ఇంట్లో ఉంటాడు," అన్నాడు. ఆ మాట మీద వారం రోజులు మాటల్లేవు. అయినా ఆయన మారలేదు. ఆయన, ఆవిడ, బుల్లి. నెంబరు లేకుండా ఆ షాపులో మెషీనెక్కేవి ఈ ముగ్గురి బట్టలే.

ఈ కోటుకి నెంబరు లేదు.

మర్చిపోయాడనుకోవడానికి లేదు. చీటీ కట్టకుండా ఆయన చెయ్యి ఒక్క రుమాలు కూడా ముట్టుకోదు. ఈ కోటు పట్టుకున్నప్పుడు ఆయన ఆలోచించి ఉండడు. చెయ్యే దీన్ని ఇంటి బట్ట అనుకుని ఉంటుంది. అంటే ఈ కోటువాడు ఎన్నాళ్ళనుంచి వస్తున్నట్టు? ఎన్నిసార్లు కూర్చుని మాట్లాడుకుంటే ఆ చెయ్యి అలా అనుకుంటుంది? అప్పుడు తను ఎక్కడుంది? పైన వంట చేస్తూ ఉందా?

అలవాటుగా జేబులోకి చెయ్యి పోనిచ్చింది. పోలేదు.

జేబు కుట్టేసి ఉంది. కొత్త కోట్లకి వచ్చినట్టు మిషను కుట్టు కాదు, తెల్లదారంతో చేతికుట్టు. రెండో జేబూ అంతే. లోపలి జేబూ అంతే. చివర రెండు ముళ్ళేసి తెంపిన పద్ధతి ఆవిడకి కొత్తేమీ కాదు, ఇంట్లో ఊడిన బొత్తాలన్నీ ఈయన అలాగే కుడతాడు.

ఖాళీ జేబులు కుట్టాల్సిన పనేముంది? ఆవిడ చెయ్యి పెడుతుందని. పెట్టి, దొరికింది పట్టుకుని, మెట్లెక్కుతుందని.

ఆవిడ కోటు భుజాన వేసుకుని కౌంటరు దగ్గరికి వచ్చింది. ఒకామె గౌను కోసం వస్తే నెంబరు చూడకుండా ఎవరిదో ప్యాంటు ఇచ్చి పంపబోయింది.

* * *

షట్టరు సగం దించే వేళకి ఇద్దరూ వచ్చారు. ఆయన ముందు, బుల్లి వెనక. వీధి మలుపులో కలుసుకుని ఏదో అనుకుని వచ్చినట్టు మొహాలు చూస్తేనే తెలుస్తోంది. కౌంటరు మీద పరిచి ఉన్న కోటు చూసి ఇద్దరూ ఒకేచోట ఆగిపోయారు.

"ఇది ఎవరిదండీ?"

"కస్టమరుది."

"నెంబరు ఏదీ మరి?"

ఆయన దగ్గరికి వచ్చి కాలరు తిప్పి చూశాడు. చేతి కింద చూశాడు. ఆయన మొహం చూసి ఆవిడకే జాలేసింది. ఆ సంగతి ఆయనకి ఇప్పుడే తెలిసింది.

"కట్టలేదా నేను?" అన్నాడు, ఎవరినో అడుగుతున్నట్టు.

"కట్టలేదు. మా తమ్ముడికి కట్టారు. వీడికి కట్టలేదు."

"వీడు గీడు అనకమ్మా," అంది బుల్లి.

 బుల్లి షట్టరు ఇంకాస్త కిందికి లాగి, వచ్చి కౌంటరుకి ఇవతల, కస్టమర్లు నిలబడే చోట నిలబడింది.

"లిఫ్టులు బాగుచేస్తాడు. కొలను బిల్డింగులో లిఫ్టు ఆగిపోతే వచ్చాడు. ఈ కోటు వాళ్ళ నాన్నగారిది, ఆయన పోయారు. నా పుట్టినరోజుకి వేసుకుంటానంటే నాన్న ఉతికిపెట్టారు. ఇంతకంటే చెప్పడానికేం లేదు."

"పేరు?"

"పేరు చెప్పను. చెబితే రేపటికల్లా వాళ్ళ ఏడుతరాలూ తవ్వి కౌంటరు మీద పోస్తావు."

ఆవిడకి కోపం రావాల్సింది. రాలేదు. లిఫ్టులు బాగుచేసేవాడు, తండ్రి కోటు వెడల్పు చేయించుకుని వేసుకునేవాడు. ఆ రెండు ముక్కలూ ఆవిడ మనసులో ఎక్కడో సర్దుకుని కూర్చున్నాయి. నవ్వు కూడా వచ్చింది.

"దీనికా ఇంత భాగోతం? మొదటే చెప్పి చావొచ్చు కదే. నేనేమైనా పులినా? సరే, అయిపోయిందేదో అయిపోయింది. రానీ అతన్ని. మీ నాన్నా అతనూ ఒక గది, నువ్వూ నేనూ ఒక గది. నదివైపు కిటికీ అట. నేను ఒక్కటంటే ఒక్క ప్రశ్న వేయను. ఒట్టు. ఆ దారాలు కూడా నేనే విప్పుతాను, ఇలా ఇవ్వు, పుట్టినరోజునాడు కుట్టేసిన జేబులేమిటి అసహ్యంగా."

చిన్న కత్తెర తీసుకుంది. ఇద్దరిలో ఎవరూ కదల్లేదు. ఆయన గోడకున్న బిల్లుల పుస్తకం వైపు చూస్తున్నాడు.

"ఏమైంది?"

"అమ్మా," అంది బుల్లి. గొంతులో ఈల లేదు. "ఆ గదిలో నాతో ఉండేది వాళ్ళమ్మగారు."

ఆవిడ లెక్కపెట్టుకుంది. బుల్లి. బుల్లి నాన్న. అతను. అతని తల్లి.

నిన్నటి నుంచీ ఆవిడ వెతుకుతున్నది నాలుగో మనిషి కోసం. మొదటి ముగ్గురిలో తను ఉందని ఎవరూ చెప్పలేదు, ఆవిడే అనుకుంది.

"పెళ్ళి మాటలా?" అంది. 

"ఆఁ. వాళ్ళమ్మగారు ఉండేది నగరానికి అవతల. అందరికీ మధ్యలో ఉంటుందని, పుట్టినరోజు కూడా కలిసొస్తుందని. నీకు ఈత పోటీలున్నాయని చెప్పి వెళ్దామనుకున్నాం."

"మీరేమండీ?"

"అంతా కుదిరాక చెబుదామనే అనుకున్నానే," అన్నాడాయన. "అది నాచేత ఒట్టు వేయించుకుంది. ఈసారి కూడా చెడితే ఇక జన్మలో ఎవర్నీ ఇంటికి తీసుకురానంది. నేనేం చెయ్యను చెప్పు."

ఆవిడ కత్తెర బల్ల మీద పెట్టింది. చెప్పడానికి చాలా ఉన్నాయి. కన్నది తను. పెంచింది తను. రాత్రుళ్ళు ఒళ్ళు కాలిపోతుంటే భుజాన వేసుకుని తిరిగింది తను. అవన్నీ నోటిదాకా వచ్చాయి. అరచేతిలో క్లిప్పు పెట్టుకుని మెట్లెక్కింది కూడా తనే. అందుకని ఒక్కటీ బయటికి రాలేదు.

బుల్లి సంచీలో ఫోను మోగింది. తీసి చూసి, కట్ చేయబోయి, తండ్రి వంక చూసింది. ఎవరిదో ఆవిడకి అర్థమైంది.

"మాట్లాడు," అంది.

బుల్లి చెవికి ఆనించుకుంది. అవతలి గొంతు పెద్దది, దాపరికం లేనిది. షాపంతా వినబడుతోంది.

"ఏమ్మా, అమ్మగారికి ఎలా ఉంది ఇవాళ? ఒకసారి ఆవిడకి ఇస్తావా, పలకరిస్తాను."

"పడుకుందండీ," అంది బుల్లి, ఎదురుగా నిలబడ్డ తల్లిని చూస్తూ.

ఆవిడ చెయ్యి చాపింది.

బుల్లి తల అడ్డంగా ఊపింది. ఆవిడ చెయ్యి అలాగే ఉంచింది. లాక్కోలేదు, కసరలేదు. ఎంతసేపు అలా ఉంచిందో, చివరికి బుల్లి ఫోను ఆ చేతిలో పెట్టి కౌంటరు అంచు పట్టుకుంది.

"నమస్కారం వదినగారూ," అంది అవతలి గొంతు సంతోషంగా. "నడుము ఎలా ఉందండీ? మంచం దిగలేకపోతున్నారట. మూడు నెలలై ఇదే మాట, నాకెంత కష్టంగా ఉందో. ఆడపిల్ల తల్లి లేకుండా మాటలేమిట్రా అని మావాణ్ణి తిడుతూనే ఉన్నాను."

మూడు నెలలు. మూడు నెలలుగా తను ఆ ఇంటివాళ్ళ లెక్కలో మంచం మీద ఉంది. ఆవిడ మొగుడి వంక చూసింది. ఆయన నేల చూస్తున్నాడు. కూతురి వంక చూసింది. బుల్లి తననే చూస్తోంది, రెప్ప వేయడం లేదు. మూడేళ్ళ కిందట ఆ మెట్ల పైన నిలబడి చూసిందీ అలాగే.

ఒక్క మాట చాలు. నాకేం రోగమండీ, నిక్షేపంలా ఉన్నాను, మీకు అబద్ధం చెప్పారు. అంటే చాలు, ఈ సంబంధం ఈ సాయంత్రమే ముగిసిపోతుంది. అబద్ధం ఆవిడ ఆడలేదు, తప్పు ఆవిడది కాదు. అడగాల్సినవి కూడా బోలెడున్నాయి.

ఆవిడ నెమ్మదిగా స్టూలు మీద కూర్చుంది.

"అవునండీ," అంది. "లేవలేకపోతున్నాను."

బుల్లి నోటిమీద చెయ్యి పెట్టుకుంది.

"అయ్యో, గొంతే చెబుతోంది," అంది అవతలామె. "అందుకే నేనొకటి అనుకున్నాను వదినగారూ. మీరు లేకుండా నగరంలో కేకులూ పడవలూ నాకు బాగుండదు. ఆ గదులేవో వద్దనేయమనండి. మేమే మీ ఇంటికి వస్తాం. మీ మంచం పక్కనే కూర్చుని అన్నీ మాట్లాడుకుందాం. ఏమంటారు?"

 రమ్మనాలని ఎంత ఉందో ఆవిడకే తెలుసు. అరచేత్తో ఫోను మూసి, కూతుర్ని అడిగింది. ఈసారి గొంతు ఎలా పెట్టాలో ఆలోచించుకోలేదు.

"ఏం చెప్పమంటావే?"

బుల్లి కళ్ళు నిండిపోయాయి. రమ్మని అనలేదు, వద్దని అనలేదు. ఆయన ఇద్దరి మధ్యా నిలబడి అటూ ఇటూ చూస్తున్నాడు.

"వదినగారూ," అంటోంది ఆవిడ అరచేతి కింద ఆ గొంతు, "ఉన్నారా?"